బొట్టు పెట్టిన మైకు

విశాఖపట్నం,
ఆగస్టు 4.

చిరంజీవి బిందుకి మామ్మ ఆశీస్సులు.

ముందు ఒక తప్పు దిద్దాలి. పోయిన ఉత్తరంలో నువ్వు “నాన్న ఒప్పేసుకున్నాడు కదా మామ్మా” అని రాశావు. ఒప్పుకోలేదు. నోరు మూసుకున్నాడు. వాణ్ణి పెంచడం మొదలుపెట్టి యాభై ఏళ్లు కావస్తోంది, ఆ రెండింటికీ ఉన్న తేడా నాకు తెలుసు. ఒప్పుకున్నవాడు ఆ తర్వాత కాఫీ అడుగుతాడు. వీడు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

వాడి బాధేమిటో నీకు అర్థం కావాలని చెబుతున్నాను, జాలిపడమని కాదు. మా రవిశంకర్ ఇంజనీరు. వాడి కూతురు పన్నెండో క్లాసు పాసై, చేతికొచ్చిన బీటెక్ సీటు వదిలేసి, భిలాయ్ పక్కన హథ్‌ఖోజ్‌లో ఒక రేకుల షెడ్డులో ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ ట్రేడ్ నేర్చుకుంటానని అప్రెంటిస్‌గా చేరింది. నాలుగు రోజులు వర్క్‌షాపు, రెండు రోజులు క్లాసు. వాడికిది ఎలా ఉందంటే, జడ్జిగారబ్బాయి కోర్టు గేటు ముందు టైపు మిషను పెట్టుకుని కూర్చున్నట్టుంది. టైపు కొట్టేవాళ్లు లేకపోతే జడ్జిగారి తీర్పులు ఎవరు చదివేవారురా అని అడిగాను. మీ అమ్మ వంటింట్లో నవ్వింది. వాడు నవ్వలేదు.

చివరికి నిన్న బేరం తెగింది. ఏడాదిలో విశ్వకర్మ పూజ రోజున మాత్రమే మీ వర్క్‌షాపు గేటు ఇంట్లోవాళ్లకి తెరుస్తారు కదా, ఆ రోజు వాడు భిలాయ్ వస్తాడు. నువ్వు చేసే పని కళ్లారా చూస్తాడు. నచ్చితే అక్కడే ఉంటావు. నచ్చకపోతే నీ సూట్‌కేసుతో సహా నిన్ను ఇక్కడికి తెచ్చి కాలేజీలో చేరుస్తాడు. దసరా దాకా సీటు ఆపుతామని కాలేజీవాళ్లు మాటిచ్చారట. ఇంతకంటే మంచి బేరం నాకు చేతకాలేదు. నేను కూరగాయల దగ్గర గట్టిదాన్ని, కొడుకు దగ్గర కాదు.

ఫోన్ చెయ్యక ఉత్తరాలేమిటి అని మూలుగుతున్నావట, మన కిందింటి రత్నం చెప్పింది. కారణాలు రెండు. ఈ ఫ్లాట్‌లో నేను ఫోన్ ఎత్తగానే మీ నాన్న టీవీ గొంతు తగ్గిస్తాడు. రెండోది, ఫోన్‌లో అయితే నువ్వు రెండు ముక్కలు తెలుగు, పది ముక్కలు హిందీ మాట్లాడి తప్పించుకుంటావు. ఉత్తరంలో హిందీ మాట కనిపిస్తే మాటకో మార్కు కోస్తాను. ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, మార్కులు కొయ్యడంలో నాకు దయ లేదు.

నాకు ఒక కన్ను ఆపరేషన్ అయింది. రెండోది విశ్వకర్మ పూజ తర్వాత చేస్తారట. అందాకా భిలాయ్‌లో మన ఇంటికి రాలేను, ఇక్కడే ఉంటాను. చెయ్యి తిరిగినంత రాస్తాను. రాత్రిళ్లు రత్నం వచ్చి తోడు పడుకుంటోందా? గురక పెడుతుంది, భరించు.

మామ్మ


సెక్టర్ 7, భిలాయ్,
ఆగస్టు 13.

మామ్మకి,

హిందీ మాటలన్నీ ఏరి పారేసి రాస్తున్నాను. ‘ఏక్‌దమ్’ అనే మాటకి మాత్రం నాకు తెలుగు దొరకలేదు. అది ఉంచేస్తాను, మార్కు కోసుకో.

మామ్మా, నా సోల్డర్ మెరిసింది. ఏక్‌దమ్ మెరిసింది. నీకెలా చెప్పాలి, ఇది చాలా పెద్ద విషయం. రాగి తీగని బోర్డుకి అతికించడానికి సీసంలాంటిది కరిగించి చుక్క పెడతాం. చుక్క సరిగ్గా పడితే చిన్న కొండలా నిలబడి మెరుస్తుంది. తప్పు పడితే ఉండ కట్టి మసకగా ఉంటుంది. నెల పాటు నావి ఉండలే. మా వర్క్‌షాపులో పని నేర్పే సత్యారావు గారిది శ్రీకాకుళం. నా బోర్డు కళ్లద్దాల దగ్గరికి పెట్టుకుని చూసి, “ఇదేటమ్మా, బోర్డంతా మేక తిరిగినట్టుంది” అన్నారు. నాకు అర్థం కాలేదు. ఇక్కడి మరోదా పేట నుంచి వచ్చే ఆంజి, నాతోపాటే చేరాడు, వాడు చెవిలో చెప్పాడు. మేక పెంటికలు అని. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించనే లేదు.

నిన్న మాత్రం నా బోర్డు చూసి, ఏమీ అనకుండా పక్కవాడి బోర్డు తీసుకున్నారు. ఆయన దగ్గర అదే ఫస్ట్ క్లాసు.

మేం చేసేవి లౌడ్‌స్పీకర్లు, ఇంటర్‌కమ్‌లు. మిల్లుల్లో పక్కమనిషి చెవిలో అరిచినా వినపడదు కదా, తాతగారు ఇంటికొచ్చాక కూడా అరిచే మాట్లాడేవారని నువ్వే చెప్పావు. అలాంటి చోట మా పెట్టె పలకాలి. క్రేన్ మీద ఉన్న మనిషికి “ఆపు” అని చెబితే “ఆపు” అనే వినపడాలి, “దింపు” అని కాదు. వినపడకపోతే కింద ఎవరో ఉంటారు, మామ్మా. సత్యారావు గారు జోకులు వేయని మాట అదొక్కటే.

శుక్రవారం నేనూ ఆంజీ మొదటిసారి సొంతంగా ఒక జత కట్టాం. షెడ్డు ఈ చివర ఒక పెట్టె, ఆ చివర ఒక పెట్టె. స్విచ్చి వేశాం. పలుకుతోందో లేదో వినాలని నేను ఆ చివరకి పరిగెత్తాను. వాడు మాట్లాడతాడు కదా అని. వాడు నేను మాట్లాడతాననుకుని ఈ చివరకి పరిగెత్తాడు. దారి మధ్యలో ఒకరినొకరు దాటుకుని పోయాం, ఆగలేదు. రెండు పెట్టెల దగ్గర ఇద్దరం చెవులు ఆనించి నిలబడ్డాం, మాట్లాడేవాళ్లు లేరు. సత్యారావు గారు టీ తాగుతూ చూస్తున్నారు. “రెండు చెవులే ఉన్నాయి, నోరు మర్సిపోనారు” అన్నారు. మళ్లీ వెళ్లి నేను “హలో” అన్నాను. అటునుంచి “సమోసా తెప్పించావా?” అని స్పష్టంగా, ఆంజి గొంతు, నా పెట్టెలోంచి. మామ్మా, నేను కట్టిన పెట్టె సమోసా అంది. నేను అక్కడే గెంతాను.

కానీ నాన్న వస్తున్నాడు కదా. పైగా పూజ రోజు వచ్చినవాళ్లకి మా పని గురించి మైకులో నాలుగు ముక్కలు చెప్పమని షెడ్డు యజమాని, మా సేఠ్‌జీ, నాకే అప్పజెప్పారు. నాన్న ఎదురుగా. ఏం చెయ్యాలో రాయి.

బిందు

తా.క. రత్నం పిన్ని గురకని రికార్డు చేసి మా ఓసిల్లోస్కోప్‌లో చూశాం. అది శబ్దాన్ని తెర మీద గీతలుగా చూపిస్తుంది. చాలా అందంగా ఉంది.


విశాఖపట్నం,
ఆగస్టు 27.

చి. బిందుకి,

నీ ఉత్తరానికి నూటికి తొంభై మూడు. గురక సంగతి రత్నానికి చెప్పకు, అందంగా ఉందన్నావంటే మానుకోదు.

మీ నాన్న నీ ఉత్తరం అడగడు. నేను చదువుకుంటుంటే ఎదురుగా కూర్చుని పేపరు తిరగేస్తాడు. నిన్న ఆగలేక “ఏం రాసింది?” అన్నాడు. “మేక పెంటికల గురించి” అన్నాను. అబద్ధం కాదు కదా. మరో రోజు వాడి ఫోను నా చేతికిచ్చి బజారుకి వెళ్లాడు. తెరిచి ఉన్న పేజీలో, అప్రెంటిస్ శిక్షణ అయ్యాక ఏ ఉద్యోగాలు వస్తాయి అని ఉంది. నేను చూడలేదన్నట్టే ఇచ్చేశాను. ఇందులో నీకు ఆశ పెట్టుకోవడానికి ఏమీ లేదు. వాడు ఒక విషయాన్ని కాదనడానికి ముందు దాని గురించి బాగా చదువుతాడు. పెళ్లికి ముందు మీ అమ్మ ఊరి గురించి కూడా అలాగే చదివాడు.

ఇప్పుడు పూజ సంగతి. ఏం చెయ్యాలని అడిగావు గనక చెబుతున్నాను. మైకులో మాట్లాడటం ఆ రోజు రెండో సంగతి. గేటు దాటగానే మీ నాన్న కంటపడేది పూజ. ఆ పని నువ్వు మీద వేసుకో. మీ తాతగారు స్టీల్ ప్లాంటులో ఉన్న రోజుల్లో నేను ఏటా వెళ్లి చూసేదాన్ని. ఆ రోజు పనిముట్టు పనిముట్టు కాదు. తుడిచి, గంధం రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మర్నాడు హారతి అయ్యేదాకా ఎవరూ చెయ్యి వెయ్యరు. ఎంత పెద్ద మిల్లయినా అంతే.

అందుకని నువ్వు ముందు రోజే కూర్చుని ప్రతి వస్తువుకీ బొట్టు పెట్టు. ఒక్కటీ వదలకు. శ్రద్ధ అనేది కనపడేవాళ్లకి కనపడాలి. గంధం పలచగా కలపకు, కారుతుంది. చిక్కగా కలుపు.

మాట్లాడేటప్పుడు మీ నాన్న మొహంలోకి చూడకు. సంతోషంగా ఉన్నప్పుడు కూడా వాడి మొహం అప్పులపాలైనవాడిలా ఉంటుంది.

మామ్మ


సెక్టర్ 7, భిలాయ్,
సెప్టెంబరు 18.

మామ్మా,

అయిపోయింది. నమస్కారం కూడా రాయలేదు, చూసుకో. ఎన్ని మార్కులైనా కోసుకో, ఇవాళ నాకు దేనికీ తెలుగు రావడం లేదు.

నాన్న నిన్న పొద్దున దుర్గ్‌లో రైలు దిగి ఇంటికి వచ్చాడు. రత్నం పిన్ని ఉప్మా చేసింది. ఉప్పు తక్కువైందన్నాడు. ఆటోలో హథ్‌ఖోజ్ వెళ్లాం. షెడ్డు బయట అందరం చెప్పులు విడిచి లోపలికి వెళ్లాం. అక్కడి దాకా ఏక్‌దమ్ బాగుంది. గోడ నిండా నేను బొట్లు పెట్టిన పనిముట్లు, బంతిపూలు. నాన్న ఒక్కొక్కటీ చూసుకుంటూ నడిచాడు. “ఇవన్నీ ఎవరు పెట్టారు?” అన్నాడు. నేనే అన్నాను. తలూపాడు. మామ్మా, తలూపాడు. నేను మనసులో నీకు దండం పెట్టుకున్నాను.

పూజ అయింది. సేఠ్‌జీ నన్ను పిలిచారు. మైకు ముందు నిలబడ్డాను. “నమస్కారం” అన్నాను. మైకు “గుర్ర్” అంది. తర్వాత ఏమీ అనలేదు. లౌడ్‌స్పీకర్లు చేసే వర్క్‌షాపులో, చుట్టాలందరి ముందు, మా మైకే పలకలేదు. వెనక ఎవరో నవ్వారు. సేఠ్‌జీ చెవులు ఎర్రబడ్డాయి.

నేను సత్యారావు గారి దగ్గరికి పరిగెత్తాను. ఇలా జరిగింది:

“సార్, స్క్రూడ్రైవర్ ఇవ్వండి.”

“ఏ స్క్రూడ్రైవరమ్మా?”

“ఆ ఎర్ర పిడిది.”

“అది స్క్రూడ్రైవర్ కాదిప్పుడు. బొట్టెట్టినావు కదా. రేపు హారతయ్యీదాకా అది దేవుడు. దేవుడితోటి స్క్రూలిప్పుతావేటి?”

“పోనీ ఆ స్పిరిట్ సీసా?”

“దానికీ ఎట్టినావు.”

“బ్రష్షు?”

“సీపురుకట్టని కూడా వొదల్లేదమ్మా నువ్వు. సూసుకో.”

చూశాను. చీపురుకట్ట కూడా బొట్టు పెట్టుకుని నన్నే చూస్తోంది. మైకునీ, దాని ఆంప్లిఫయర్‌నీ ముట్టుకోవచ్చా అని అడిగాను. వాటికీ బొట్లున్నాయి మరి. ఆయన ఆలోచించి, “అయ్యి పూజలో డ్యూటీ సేస్తన్నాయి గాబట్టి ఆటికి సెలవు నేదు” అన్నారు. అదొక్కటే దయ తలిచారు.

ఏమైందో వెతకడం మొదలుపెట్టాను. ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు గోడలోంచి పీకేశాను. ఆంప్లిఫయర్ కడుపులో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది, అది దిగేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాను. సేఠ్‌జీ “జల్దీ, జల్దీ” అంటున్నారు. అది ఆయన మాట, నాది కాదు. ఆంజి “నేను పిన్ను తీసేయనా?” అన్నాడు. వద్దన్నాను. అప్పుడు మైకు పిన్ను బయటికి లాగాను.

పిన్ను కొస పసుపుగా, ఎర్రగా ఉంది. మామ్మా, గంధం. కుంకుమ. ప్రతి వస్తువుకీ పెట్టు, ఒక్కటీ వదలకు అన్నావు కదా. నేను పిన్నులకీ పెట్టాను. అవి దూరే కన్నాలకీ పెట్టాను, కన్నం కన్నానికీ, చిక్కగా. అది లోపల ఎండి కరెంటుకి అడ్డం కూర్చుంది.

“కిస్‌నే కియా యే?” అన్నారు సేఠ్‌జీ, ఎవరు చేశారిది అని. నాన్న అక్కడే, చేతులు వెనక్కి పెట్టుకుని. “నేనే” అన్నాను.

తుడవాలి. దేంతో? పనిముట్లన్నీ దేవుళ్లయిపోయాయి. అప్పుడు నాన్న జేబు గుర్తొచ్చింది. కరోనా రోజుల్నుంచి శానిటైజర్ స్ప్రే లేకుండా గడప దాటడు కదా. అదీ స్పిరిట్టే. “నాన్నా, నీ సీసా ఇవ్వు, దానికి బొట్టు లేదు” అన్నాను. ఇచ్చాడు. కాలిన అగరొత్తి పుల్లకి దీపం వత్తి చుట్టి, తడిపి, కన్నంలో తిప్పాను. లోపల చీకటి. నాన్న తనంతట తనే ఫోన్ టార్చి వేసి పక్కన వంగాడు. వత్తి ఎర్రగా వచ్చింది, ఇంకోటి చుట్టాను, పచ్చగా వచ్చింది, ఇంకోటి. చివరికి తెల్లగా వచ్చింది. ఆరనిచ్చి, ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేశాను. ఏమీ లేదు. రెండో కన్నంలో ఇంకా ఉందేమోనని మళ్లీ ఆపి, మళ్లీ తుడిచి, మళ్లీ వేసి, చూద్దామని వంగాను. నాకు ఏడుపొస్తోంది. మైకు మా ఇద్దరి మధ్య బల్ల మీద పడుంది. నాకు తెలియనిదేమిటంటే, ఇందాక గుర్రుమన్నప్పుడు సేఠ్‌జీ ఆంప్లిఫయర్ మీద గొంతు పూర్తిగా తగ్గించేశారు. అది చూసి ఆంజి సరిగ్గా ఆ క్షణంలో పెంచాడు. పూర్తిగా పెంచాడు.

“నాన్నా, టార్చి సరిగ్గా పట్టుకో. నా మొహం మీద కాదు, కన్నంలో వెయ్యి. చెయ్యి ఎందుకలా ఊపేస్తావు? ఇంజనీరువి, ఇంతమాత్రం తెలీదా?”

ఇదంతా షెడ్డు కప్పు మీది నాలుగు హారన్ స్పీకర్లలోంచి రోడ్డు మీదికి వెళ్లింది. దాని వెనకే నాన్న గొంతు, ఇంకా పెద్దగా: “అలాగేనమ్మా.”

పక్క షెడ్లవాళ్లు కూడా బయటికి వచ్చారు. పంతులు గారు ప్రసాదం గరిటె పట్టుకుని ఆగిపోయారు. సత్యారావు గారు గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు, ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. నా నాలుగు ముక్కలు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, ఎందుకో.

నాన్న బూందీ తిన్నాడు. సాయంత్రం బండికి వెళ్లిపోయాడు. ఎక్కేముందు “రత్నాన్ని ఉప్మాలో ఉప్పు వెయ్యమను” అన్నాడు. అంతే. మామ్మా, నేను నాన్నని ఊరందరికీ వినపడేలా తిట్టాను. సూట్‌కేసు మంచం మీద తెరిచి పెట్టుకున్నాను. సర్దుకోనా? ఒక్క మాట రాయి.

బిందు


విశాఖపట్నం,
సెప్టెంబరు 22.

బిందూ,

ఉత్తరం అందింది. ఇప్పుడు రాయలేను. నిన్ననే రెండో కంటికి కట్టు కట్టారు, నవ్వకూడదన్నారు. నీ ఉత్తరం మీ అమ్మ చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపించి మంచం మీద పడుకున్నాను. ఈ నాలుగు ముక్కలూ మీ అమ్మ చేతే రాయిస్తున్నాను. ఆమె కూడా నవ్వుతోంది, అందుకే ఈ కొక్కిరిబిక్కిరి గీతలు.

సూట్‌కేసు ముట్టుకోకు.

మామ్మ


విశాఖపట్నం,
సెప్టెంబరు 25.

చి. బిందుకి,

కట్టు విప్పారు. మొదట ఒక మాట రికార్డులో ఉండాలి. నేను వస్తువులకి బొట్టు పెట్టమన్నాను. కన్నాలకి పెట్టమనలేదు. చిక్కగా కలపమన్నది మాత్రం నిజమే, దాని గురించి ఇక మాట్లాడను.

మీ నాన్న తిరిగొచ్చాక నాతో ఏమీ చెప్పలేదు. మీ అమ్మతోనూ చెప్పలేదు. ఇంట్లో తప్ప అందరికీ చెబుతున్నాడు. మొన్న లిఫ్టులో పై అంతస్తు నరసింగరావు గారితో అంటుంటే నేను పక్కనే ఉన్నాను. “మా అమ్మాయి నన్ను హథ్‌ఖోజ్ మొత్తానికీ వినపడేలా తిట్టిందండీ” అన్నాడు. పతకం వచ్చినవాడు కూడా అంత నెమ్మదిగా, అంత నొక్కి చెప్పడు. నరసింగరావు గారు తన అంతస్తు దాటి పైదాకా వెళ్లి మళ్లీ దిగారు, కథ పూర్తి కాలేదని. నీ ఉత్తరంలో హారన్లు నాలుగు. లిఫ్టులో ఎనిమిది. ఆఫీసువాళ్లకి ఫోనులో చెప్పేటప్పుడు పన్నెండు విన్నాను. ఇంకో వారం పోతే రాయ్‌పూర్ దాకా వినపడిందంటాడు.

నిన్న రాత్రి భోజనం దగ్గర మాత్రం నాతో ఇలా అన్నాడు. వాడి మాటలే రాస్తున్నాను: “అమ్మా, అది ప్లగ్గు పీకాక ఆగింది. చుట్టూ అందరూ తొందరపెడుతున్నారు. ఆ సేఠ్ అరుస్తున్నాడు, జనం నవ్వుతున్నారు. అది చేతులు కట్టుకుని, ఆ పెట్టెలో కరెంటు దిగేదాకా ఆగింది. ఆ స్థితిలో నేనైతే ఆగేవాణ్ణి కాను. తర్వాత, ఎవరు చేశారంటే నేనే అంది.” అని చారు పోసుకున్నాడు. కాసేపయ్యాక, “కాలేజీకి ఫోన్ చేశాను, ఆ సీటు ఇంకెవరికైనా ఇచ్చుకోమన్నాను” అన్నాడు. చారులో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా అన్నాడు.

కాబట్టి ఉంటావు. నువ్వు కోరుకున్న చోటే, ఆ మేకలూ దేవుళ్లూ ఉన్న షెడ్డులోనే ఉంటావు. ఈ వాక్యం చదివి ఎక్కడ గెంతుతావో గానీ కిందింటి రత్నం నెత్తిన పెచ్చులు రాలతాయి, చూసుకో.

వాడు నీకు ఈ మాట చెప్పడు. నువ్వూ అడగకు. టార్చి సంగతికి క్షమించమని కూడా అడగకు, వాడి కథ పాడైపోతుంది.

ఇంకొకటి ఉంది. ఆ రోజు వాడు టార్చి పట్టుకుని వంగినప్పుడు వెలుగు కాస్త నేల మీద కూడా పడిందట. నేల నిండా తెగిన తీగ ముక్కలు, మధ్యలో నీ ఉత్తి పాదాలు. “మామూలు రోజుల్లో అది ఏం తొడుక్కుంటుందమ్మా?” అని నన్నడిగాడు. తెలీదన్నాను. నిన్న ఆఫీసు నుంచి వస్తూ సేఫ్టీ బూట్ల షాపుకి వెళ్లాడు, ఎవరికీ చెప్పకుండా. షాపువాడు సైజు అడిగాడు. మీ నాన్న చెప్పాడు. షాపువాడు “సార్, ఈ సైజు సేఫ్టీ బూట్లు చెయ్యరండీ, చిన్నపిల్లలది” అన్నాడట. నీకు ఐదో క్లాసులో కొన్న నల్ల స్కూలు బూట్ల సైజు చెప్పాడు. వాడికి గుర్తున్నది అదే. చేతులూపుకుంటూ ఇంటికొచ్చి నా గది గుమ్మంలో నిలబడి, నిన్నడగడానికి మొహం చెల్లక, నన్నడిగాడు.

అంచేత ఈ పని చెయ్యి. రేపు వర్క్‌షాపు నుంచి రాగానే చెయ్యి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, పొద్దున కొలిస్తే బూటు బిగుతవుతుంది. మందపాటి మేజోళ్లు తొడుక్కో. పాత పేపరు నేల మీద పరిచి దాని మీద నిలబడు. కూర్చుని గియ్యకు, బరువు పడదు. పెన్సిలు రత్నం చేతికిచ్చి, నిలువుగా పట్టుకుని రెండు పాదాల చుట్టూ గియ్యమను. ఏది కుడో ఏది ఎడమో రాయి, చూసేది ఇంజనీరు. ఫోటో తీసి పంపకు, కొలత పోతుంది. పాదం మధ్యలో మడత పడకుండా మడిచి, కవరు మీద నా పేరు కాదు, వాడి పేరు రాసి, సెక్టరు పోస్టాఫీసు మూసేలోపు స్పీడ్‌పోస్టులో వెయ్యి.

మామ్మ